పాడెకు నాలుగో భుజం

అరుగు మీది మాటలు

గత నెల మన సంఘం హాలులో ఒక సంతాపసభ జరిగింది. ఎవరి కోసమో చెప్పను. చెప్పవలసిన పనీ లేదు, ఎందుకంటే మన సంతాపసభలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. వేదిక మీద పటం, పటానికి గులాబీల దండ, పక్కన కుందిలో దీపం. ఎనిమిదిమంది మాట్లాడారు. ఎనిమిదిమందీ "తీరని లోటు" అన్నారు. ఆరుగురు భగవద్గీత ఎత్తుకున్నారు. మిగిలిన ఇద్దరూ, పోయినాయన తమను ఎంతగా మెచ్చుకునేవాడో చెప్పుకున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత ఉండనే ఉన్నది గదా! రెండు నిమిషాలు మౌనం పాటించాము. కాఫీ తాగాము. బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటూ చూద్దును గదా, పోయినాయన భార్య గేటు దగ్గర ఒక్కతే నిలబడి ఆటో కోసం చూస్తున్నది. ఆమె సభకు వచ్చిన సంగతే మాలో సగంమందికి తెలియదు. వెనుక వరుసలో కూర్చున్నదట.

ఆమెను ఆటో ఎక్కించి ఇంటికి వచ్చాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు మరో ఇల్లాలు గుర్తుకు వచ్చింది. ఆ కథ ఇన్నాళ్ళూ ఈ పేజీలో రాయలేదు. రాయడానికి ముఖం చెల్లలేదు. ఊళ్ళోవాళ్ళ తప్పులు నెలనెలా ఏకరువు పెట్టేవాడు ఎప్పుడో ఒకనాడు తన తప్పు కూడా చెప్పుకోవాలి. అందుకని ఈ నెల చెబుతున్నాను.

అది 2020 వేసవి. చెన్నపట్నంలో వీధులన్నీ నిర్మానుష్యంగా ఉన్న రోజులు. మా ఎదురింటి కింది వాటాలో ఒకాయన ఉండేవాడు. ముప్పయ్యేళ్ళు నేనూ ఆయనా పొద్దున్నే ఒకే పేపరు పంచుకున్నాము. ఆయన మొదటి పేజీ చదువుతుంటే నేను ఆఖరు పేజీ. మన సంఘంలో ఆయన ఏనాడూ వేదిక ఎక్కలేదు గానీ చందా మాత్రం ఏ సంవత్సరమూ బాకీ పడలేదు. నాలుగు రోజులు జ్వరంతో తీసుకుని, ఐదోనాటి తెల్లవారుజామున కన్ను మూశాడు. కొడుకు పూనాలో ఉద్యోగం. రైళ్ళు లేవు.

ఆరు గంటలకు ఆయన భార్య నాకు ఫోను చేసింది. "అన్నయ్యగారూ, ఆయన వెళ్ళిపోయారు. ఒక్కసారి వస్తారా?" అన్నది.

నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది. "అమ్మా, ఇంట్లో పసిపిల్ల ఉన్నది. నాకు చూస్తే గుండె జబ్బు. ఏమీ అనుకోకు. కావలసిన ఏర్పాట్లకు ఎవరికైనా ఫోను చేస్తాను" అన్నాను. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. పసిపిల్ల ఉన్నమాట నిజం. గుండె జబ్బు నిజం. ఫోనులు చేసినమాట కూడా నిజమే.

ఆ తర్వాత తలంటు పోసుకుని, దేవుడి ముందు దీపం వెలిగించి, ఆయన ఆత్మ సద్గతి కోసం విష్ణుసహస్రనామ పారాయణకు కూర్చున్నాను. కిటికీ పక్కనే కూర్చున్నాను. తెర కొంచెం తొలగి ఉన్నది. శవవాహనం వచ్చి వీధి మొగలో ఆగింది, మా సందులోకి బండి తిరగదు. ఇంటి దగ్గరనుంచి అక్కడిదాకా మోసుకుపోవాలి. ఆయన అన్న కొడుకు స్కూటరు మీద వచ్చాడు. అతను ఒకడు. మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న తమిళుడు రెండోవాడు. వీధి చివర ఆటో నడిపే ముస్లిం కుర్రవాడు మూడోవాడు. నాలుగో భుజం లేదు. ముగ్గురూ అటూ ఇటూ చూశారు. మా వీధిలో నలభై కిటికీలు ఉంటే నలభై కిటికీల వెనుకా మనుషులు ఉన్నారు. చివరికి శవవాహనం డ్రైవరు తలుపు వేసి, నడిచివచ్చి, నాలుగో కొమ్ము భుజానికెత్తుకున్నాడు. ఆ మనిషికి పోయినాయన పేరు కూడా తెలియదు.

నేను పారాయణ ఆపలేదు. ఆపకపోవడం గొప్ప అనుకున్నాను. వాళ్ళు మోస్తున్నది కట్టెను, నేను చూస్తున్నది ఆత్మను అనుకున్నాను. అంత పెద్ద మాట అనుకోగలిగినందుకు మనసులో కాస్త తృప్తి కూడా కలిగిందని చెప్పక తప్పదు.

ఆయన పరీక్ష కాగితం రెండు రోజుల తర్వాత వచ్చింది. ఆ జబ్బు కాదట. అది కాదని తెలిశాక మేమందరమూ పరామర్శకు వెళ్ళాము. అప్పుడావిడ నాతో అన్నది: "ఆవేళ మీరు పారాయణ చేశారని మీ కోడలు చెప్పింది అన్నయ్యగారూ. సంతోషం." అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండును. నిజంగానే సంతోషించింది. ఆ సంతోషమే ఇన్నేళ్ళుగా నన్ను తింటున్నది.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న మాట ఒకటున్నది. భయపడడం తప్పు కాదు. ఆ రోజుల్లో భయపడనివాడు లేడు. "అమ్మా, నాకు భయంగా ఉన్నది, రాలేను" అని ఉంటే నేను మామూలు పిరికివాణ్ణి అయ్యేవాణ్ణి, అంతే. నేను చేసింది అది కాదు. నా భయానికి మడి కట్టాను. పట్టుబట్ట కట్టించి, బొట్టు పెట్టి, పీట మీద కూర్చోబెట్టి, దానికి భక్తి అని పేరు పెట్టాను. కపటం అంటే దేవుణ్ణి నమ్మకపోవడం కాదు. చేయవలసిన పని గడపలో ఉండగా దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడం.

మా వీధిలో మిగిలినవాళ్ళూ ఊరుకోలేదు. చావు జరిగిన ఇంటిలోకి పోవడానికి కాళ్ళు రానివాళ్ళకు, ఆ చావు ఎందుకు జరిగిందో చెప్పడానికి నోరు మాత్రం బాగానే వచ్చింది. తండ్రి తద్దినం సరిగా పెట్టలేదని ఒకరు. వాస్తు దోషమని ఒకరు. పూర్వజన్మ కర్మ అని మరొకరు. చావుకు కారణం చెప్పేవాడికి ఒక సుఖం ఉన్నది. కారణం పోయినవాడిలో దొరికితే, అది మనదాకా రాదు! ఎదుటివాడి పాపం ఎంత పెద్దదైతే మన ఇల్లు అంత క్షేమం.

ఈ బలహీనత మనబోటివాళ్ళకే పరిమితం కాదు. 1934 జనవరి 15న బీహారులోనూ నేపాలులోనూ మహా భూకంపం వచ్చి వేలకువేల జనం పోయారు. గాంధీగారు అప్పుడు హరిజన యాత్రలో మన దక్షిణాదినే తిరుగుతున్నారు. ఆ నెలలోనే తిరునెల్వేలి సభలో, అస్పృశ్యత అనే పాపానికి భగవంతుడు విధించిన శిక్ష ఇది అన్నారు. రవీంద్రనాథ ఠాగూరుకు ఈ మాట మింగుడుపడలేదు. అంటరానితనం పోవాలని ఆయన కూడా గట్టిగా కోరినవాడే. అయినా, ప్రకృతిలో జరిగే ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలు వెతకాలి గానీ నీతిని దానికి ముడిపెట్టరాదని రాశారు. పోయినవాళ్ళలో అంటరానివారుగా బతికినవాళ్ళూ ఉన్నారు గదా, వాళ్ళకు ఈ శిక్ష ఏ లెక్కన పడ్డట్టు అని మనబోటివాడికి కూడా తోస్తుంది.

గాంధీగారిని తక్కువ చేయడానికి ఈ సంగతి ఎత్తలేదు. తనను ఖండించిన ఆ ఠాగూరు ప్రకటనను ఆయన తన 'హరిజన్' పత్రికలోనే, 1934 ఫిబ్రవరి 16న, తన జవాబుతోపాటు అచ్చు వేశారు. మార్చిలో బీహారుకు పోయి కూలిన ఇళ్ళ మధ్య తిరిగారు. అభిప్రాయం మార్చుకోలేదు గానీ, అభిప్రాయం చెప్పి ఇంట్లో కూర్చోనూలేదు. అంతటి మహాత్ముడి నోటనే, చావుకు చెప్పిన భాష్యం కఠినంగా ధ్వనించింది. మరి పీట మీదనుంచి కదలని మనం చెప్పే భాష్యం ఎట్లా ధ్వనిస్తుందో ఆలోచించండి.

మతమే ఇట్లా చేయిస్తుందని కొందరు యువకులు నాతో వాదిస్తారు. నేను ఒప్పుకోను. మన పెద్దల కథలు ఇంకో దారి చెబుతున్నాయి. మనం ఆ కథలను హరికథలో విని అక్కడే వదిలిపెట్టి వస్తున్నాము.

శ్రీరంగం ఇక్కడికి ఎంతో దూరం లేదు. రామానుజులవారి గురువులలో ఒకరు పెరియ నంబి. మహాపూర్ణులని కూడా అంటారు. ఆయనా, మారనేరి నంబి అనే భక్తుడూ ఆళవందారుల శిష్యులే. మారనేరి నంబి పుట్టుక తక్కువ కులమని లోకం లెక్క. ఆయన పరమపదించినప్పుడు పెరియ నంబి స్వయంగా అంత్యక్రియలు చేశారు. ఊళ్ళో బ్రాహ్మణులు మండిపడి ఆయనను వెలివేశారని గురుపరంపర గ్రంథాలు చెబుతాయి. రామానుజులు అడిగితే ఆయన ఇచ్చిన సమాధానం తాత్పర్యం ఇది: రాముడు జటాయువుకు సంస్కారం చేశాడు, నేను రాముడికంటె పెద్దవాణ్ణా, ఈయన ఆ పక్షికంటె తక్కువవాడా? ధర్మరాజు విదురుడికి చేశాడు, నేను ధర్మరాజుకంటె ఎక్కువా, ఈయన విదురుడికంటె తక్కువా? రామాయణ భారతాలు ఆ వీధిలో అందరూ చదివారు. చదివినదాన్ని భుజం మీదికి తెచ్చుకున్నవాడు ఒక్కడు.

యుద్ధకాండ కూడా మనకు తెలిసిందే. రావణుడు పడిపోయాక, అటువంటి అధర్మపరుడికి నేను సంస్కారం చేయనన్నాడు విభీషణుడు. విభీషణుడు చెప్పిన దోషాలలో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా రాముడు ఆ లెక్కలు వినలేదు. పగలన్నీ మరణంతో సరి, ఇక ఇతడు నీకు ఎంతో నాకూ అంతే అని చెప్పి సంస్కారం చేయించాడు. భార్యను ఎత్తుకుపోయినవాడి శవం దగ్గర రాముడు మాట్లాడిన తీరు అది. మరి మనం? చందా తగాదా పెట్టుకున్నవాడి చావుకు పోవాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడతాము.

శంకరులవారి కథ ఇంకా దుఃఖకరం. సన్యసించినవాడికి కర్మాధికారం లేదని, తల్లి పోయినప్పుడు కాలడిలోని జ్ఞాతులు నిప్పు కూడా ఇవ్వలేదని, ఆయన ఒంటరిగా పెరటిలోనే తల్లిని దహనం చేశాడని శంకర విజయ కథలు చెబుతాయి. జ్ఞాతులు శాస్త్రం చెప్పారు. కొడుకు తల్లికి ఇచ్చిన మాట నిలుపుకున్నాడు. ఈనాడు మనం పూజించేది ఎవరిని? ఆ జ్ఞాతుల పేర్లు ఎవరికైనా తెలుసునా?

ఈ పాత కథలన్నీ 2020లో చెన్నపట్నం వీధుల్లోకి తిరిగి వచ్చాయి. ఏప్రిల్ 13న, వైద్యం చేస్తూ జబ్బు తగిలించుకున్న నెల్లూరు డాక్టరు ఒకాయన ఇక్కడి ఆస్పత్రిలో పోయాడు. అంబత్తూరు దహనవాటికలో ఆయన శవానికి చోటు దొరకలేదు. స్థానికులు అడ్డుపడ్డారు. మరో చోటికి తీసుకుపోవలసి వచ్చింది. మన తెలుగుబిడ్డ, నలుగురి రోగాలు బాగుచేసినవాడు. ఆరు రోజుల తర్వాత, ఏప్రిల్ 19న, నగరంలోని ఒక నరాల శస్త్రవైద్యుడు అదే జబ్బుతో పోయాడు. ఆయన క్రైస్తవుడు. ఆయన శవాన్ని పూడ్చనివ్వకుండా గుంపు కర్రలతో రాళ్ళతో అంబులెన్సు మీద పడింది. అద్దాలు పగిలాయి, నడిపేవాళ్ళకు దెబ్బలు తగిలాయి. భార్యాబిడ్డలు సమాధి దగ్గరనుంచి తరిమివేయబడ్డారు. తోటి డాక్టరు ఒకాయన, ఇద్దరు ఆస్పత్రి పనివాళ్ళను వెంటబెట్టుకుని, పోలీసు కాపలాతో అర్ధరాత్రి వేళ తిరిగివచ్చి, పారతోనూ చేతులతోనూ మట్టి కప్పి వెళ్ళాడు.

మరునాడే మద్రాసు హైకోర్టు తనంతట తానే ఈ సంగతి విచారణకు తీసుకున్నది. గౌరవంగా అంత్యక్రియలు జరగడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన హక్కులో భాగమన్నది. ఆ నెలాఖరులోపలే, ఇటువంటి శవసంస్కారాలకు అడ్డుపడినవారికి మూడేళ్ళదాకా జైలుశిక్ష పడేటట్లు తమిళనాడు ప్రభుత్వం అత్యవసర శాసనం చేసింది. శవానికి దారి ఇవ్వండని చెప్పడానికి కూడా చట్టం కావలసి వచ్చిందన్నమాట!

ఆ గుంపులోనివాళ్ళు రాక్షసులు కారు. వాళ్ళకూ పసిపిల్లలున్నారు, వాళ్ళలోనూ గుండె జబ్బువాళ్ళున్నారు. వాళ్ళు రాయి విసిరారు, నేను పారాయణ చేశాను. ఎక్కువ తక్కువలున్నాయి గానీ, ఇద్దరిదీ ఒకే భయం. అదీగాక ఆ భయానికి ఆధారం కూడా అంతగా లేదు. 2020 మార్చి 15ననే కేంద్ర ఆరోగ్యశాఖ సూచనలు ప్రకటించింది. శవాన్ని తాకకుండా ముఖం చూడవచ్చు, మంత్రాలు చదవవచ్చు, తీర్థం చల్లవచ్చు, బూడిదవల్ల ఏ ప్రమాదమూ లేదు. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం మాత్రం వద్దన్నారు. ఆ కాగితం చదివి ఉంటే, ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుని నేను ఆ నాలుగో కొమ్ము పట్టుకోవచ్చును. సహస్రనామాలు చదివినవాణ్ణి, ఆ కాగితం చదవలేదు.

చదివినవాళ్ళు, ధైర్యం చేసినవాళ్ళు లేకపోలేదు. ఏడుకొండలవాడి పాదాల దగ్గర, తిరుపతిలో, ముస్లిం యువకులు బృందంగా ఏర్పడి, అయినవాళ్ళు రాని హిందువుల శవాలను మోసి, హిందూ ఆచారం ప్రకారమే దహనం చేయించారు. కేరళలో అలప్పుళ క్రైస్తవ మతపీఠం 2020 జూలైలో ఇంకొక మెట్టు ఎక్కింది. అక్కడి నేలలో నీరు పైకే ఉంటుంది, నిబంధనల ప్రకారం లోతుగా గొయ్యి తీయడం కష్టం. అందుకని, తరతరాలుగా పూడ్చిపెట్టే ఆచారం ఉన్నవాళ్ళు, చర్చి ఆవరణలోనే శవాలను దహనం చేసి, బూడిదను సమాధి చేయడానికి సమ్మతించారు. ఆచారాన్ని వదలలేదు, మనిషి కోసం కాస్త వంచారు. మతం వంగగలదు. వంగనిది మన నడుము.

ఇంతకీ సంఘానికి నేను చెప్పేదేమిటి? మూడు మాటలు.

ఒకటి: వయసులో ఉన్న సభ్యులు పదిమంది పేర్లూ ఫోను నంబర్లూ హాలు గోడ మీద అంటించుకుందాము. ఏ ఇంట్లో చావు జరిగినా, ఏ వేళ అయినా, ఆ పదిమందిలో నలుగురు బయలుదేరాలి. డాక్టరు ఇచ్చే కాగితం తీసుకోవడం, శవవాహనం పిలవడం, శ్మశానంలో వేళ అడగడం, 21 రోజులలోపల మరణం నమోదు చేయించడం, ఇవన్నీ ఏడుస్తున్న ఇల్లాలు చేయవలసిన పనులు కావు. పోయినవాడు సభ్యుడా, చందా కట్టాడా, ఏ కులం, ఏ దేవుడు అనే ప్రశ్నలు ఆ గోడకు ఇవతలే వదిలి వెళ్ళాలి.

రెండు: చావు ఇంట్లో "ఎట్లా పోయాడు?" అని అడగకుండా "ఏం కావాలి?" అని అడగడం నేర్చుకుందాము. ముఖ్యంగా ప్రాణం తనంతట తాను తీసుకున్నవాళ్ళ ఇళ్ళలో. ఆ తల్లిదండ్రులకు కారణం మనం చెప్పనక్కరలేదు. వాళ్ళు రాత్రింబవళ్ళు దాన్నే వెతుకుతూ ఉంటారు.

మూడు: సంతాపసభలు మానమని అనను. ముగ్గురికి మించి మాట్లాడవద్దు. మొదటి వరుసలో మొదటి కుర్చీ ఆ ఇంటివాళ్ళది. పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయిన తర్వాత మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి, పని లేకుండా వెళ్ళి ఒక గంట కూర్చుని రావాలి. ఇల్లు నిజంగా ఖాళీ అయ్యేది అప్పుడు.

ఈ మూడూ రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. పదిమంది జాబితాలో నా పేరు పెట్టమంటే, "మీకు డెబ్బయి దాటాయి, గుండె జబ్బు, మీరెందుకండీ" అన్నారు. పదకొండో పేరుగా రాయమన్నాను. మోయలేకపోవచ్చు. ఆ ఇంటి గుమ్మంలో నిలబడగలను.

మొన్న సాయంత్రం ఎదురింటికి వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆ తెల్లవారు ఎందుకు రాలేదో, పసిపిల్ల ఊసు ఎత్తకుండా, గుండె జబ్బు ఊసు ఎత్తకుండా చెప్పాను. "భయపడ్డానమ్మా" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "నాకూ భయంగానే ఉండింది అన్నయ్యగారూ. ఒక్కదాన్నే ఉన్నానుగా," అన్నది.

అంతే. వచ్చే నెల కలుసుకుందాము.